నార్డాల్ మేక

ఆ గురువారం మా ఇంట్లో నాన్న, నాయనమ్మ, అన్నయ్య ఆర్విడ్, వాడి స్నేహితుడు వెర్నర్, నేను, ఒక మేక ఉన్నాం. అమ్మ చర్చి ఆడవాళ్ల సమావేశానికి వెళ్లింది. మేక మాది కాదు.

అది నార్డాల్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మేక. ప్రతి ఆటకూ దానికి నీలం శాలువా కప్పి మైదానం చుట్టూ ఊరేగిస్తారు. ముందురోజు సాయంత్రం అన్నయ్యా వెర్నరూ దాన్ని ఎత్తుకొచ్చారు.

అన్నయ్య కాలేజీ జట్టు ఆ సీజన్‌లో ఒక్కటి తప్ప అన్నీ ఓడిపోయింది. ఆ ఒక్కటీ అవతలివాళ్ల బస్సు మంచులో దిగబడి, దాన్ని తోసి తోసి వాళ్లు నీరసంగా వచ్చిన రోజు గెలిచింది. అయినా ఎవరికీ దిగులు లేదు. శనివారం చివరి ఆటలో నార్డాల్‌ని ఓడిస్తే మిగతావన్నీ మర్చిపోవచ్చు. మూడేళ్లుగా అన్నయ్య ఆడే అవకాశం రాక మైదానం పక్కన బల్ల మీదే కూర్చున్నాడు. ఒకరినొకరు గుద్దుకుని పడేసే ఆట అది, అయినా వాడి హెల్మెట్ మీద ఒక్క గీత కూడా పడలేదు. కిందటి వారం ఎవరికో భుజం విరగడంతో, శనివారం మొదటిసారి మైదానంలోకి దిగబోతున్నాడు.

మధ్యాహ్నం టెలిఫోన్ మోగింది. వెర్నర్ విని పెట్టేశాడు.

"మేకని ఎత్తుకెళ్లింది జట్టులోవాడని తేలితే, వాణ్ణి శనివారం ఆడనివ్వనని మన కోచ్ చెప్పాడట," అన్నాడు. వెర్నర్ బ్యాండులో బాకా ఊదుతాడు కాబట్టి వాడికేం భయం లేదు.

"ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా ఆయన," అన్నాడు అన్నయ్య, మొహం పాలిపోయి.

"అవునవును, దొంగతనానికి బయల్దేరేవాళ్లని ముందే పిలిచి చెప్పాల్సింది," అంది నాయనమ్మ. ఆవిడ కాల్చి పెట్టిన బంగాళదుంప రొట్టెలను మేక అప్పటికే సగం తినేసింది. "ఈ మేకే నయం. చేసిన తప్పు దాచుకోవడం లేదు."

"దీన్ని తిరిగి ఇచ్చెయ్యాల్సిందే. కానీ నేను తీసుకెళ్తే డెయిరీలో నన్ను చూసినవాళ్లంతా గుర్తుపడతారు," అన్నాడు నాన్న.

అందరూ నావైపు చూశారు. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని నేను.

"దారిలో దొరికిందని చెప్పు చాలు. ఒక్క ముక్కే. బతిమాలుతున్నానే," అన్నాడు అన్నయ్య. వాడు నన్ను బతిమాలడం అదే మొదలు.

ట్రక్కులో ఆ ముక్కనే వల్లె వేసుకుంటూ వెళ్లాను. నాన్న ఎవరికీ కనబడకుండా నార్డాల్ చర్చి వెనకాలే ఆగిపోయాడు. మేకను సాకేది నార్డాల్ కోచ్ తల్లి. తలుపు కొట్టగానే, చేతులకి పిండితో ఆవిడే వచ్చింది.

"దారిలో దొరికిందండీ," అన్నాను. మేక నన్ను తోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"ఏ దారిలో?"

ఈ ప్రశ్న వస్తుందని మాలో ఎవరూ అనుకోలేదు. "మా ఇంటి దారిలో," అన్నాను.

"డెయిరీకి పాలు పోసే టోర్విక్ కూతురివి కదూ నువ్వు? ఆ చెవులు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. మీ అన్న వాళ్ల కాలేజీ జట్టులోనే ఉన్నాడుగా?"

ఇక దాచడానికేం మిగల్లేదు. "మీరు చెబితే వాణ్ణి ఆడనివ్వరండీ. మూడేళ్లుగా బల్ల మీద కూర్చోబెట్టారు. శనివారమే మొదటిసారి," అన్నాను. పరాయివాళ్లతో అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

ఆవిడ చేతులకున్న పిండి దులుపుకుంది.

"మూడేళ్లు బల్ల మీద కూర్చున్నవాడా? అయితే వాడు ఆడి తీరాలి. మావాళ్లకి అంతకన్నా లాభం ఏముంది? మేక దానంతటదే తిరిగొచ్చిందని మా అబ్బాయికి చెబుతాలే. మీ అన్నని శనివారం కడుపునిండా తిని రమ్మను, కిందపడ్డా లేవగలగాలి."

నేను థాంక్స్ చెప్పబోతుంటే, లోపల ఏదో గిన్నె దొర్లింది. ఆవిడ "ఒసే, నా పిండి," అంటూ తలుపు మూసేసింది.