నెప్ట్యూన్ తాత

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: కూతురు ఏదైనా అడిగినప్పుడు "నాకు తెలియదు" అనాల్సి రావడం. ఏడో తరగతి మధ్యలో ఆమెను బడి మాన్పించారు. ఆ సగం చదువు పిల్ల కంట పడకుండా ఆమె పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న పిల్ల కట్టుతో ఇంట్లోనే ఉంది. బళ్లో సౌరకుటుంబం చెబుతున్నారని విని, ఆమె పక్కింటివాళ్ల పుస్తకం అడిగి తెచ్చుకుంది. పిల్ల కునుకు తీసినప్పుడల్లా చదివి పెట్టుకుంది. దర్జీ కొట్టు చొక్కాలకు గుండీలు కుట్టే మనిషికి గ్రహాలకేం కరువు! గుమ్మం ముందు పసుపు బకెట్టు బోర్లించి సూర్యుడంది. వరస వాటాల ఉమ్మడి వసారా పొడవునా దారం పరిచి గుండీలు కట్టుకుంటూ పోయింది. ఎనిమిదో గుండీ, నీలంది, చిట్టచివర గడియారాల తాత గడప మీద తేలింది. ఆయన ఒంటరివాడు. చేతికి వణుకు వచ్చాక గడియారాలు బాగుచేయడం మానేశాడు.

"నా గడప కబ్జా చేశావేంటమ్మాయ్?"

"నెప్ట్యూన్ అండీ బాబాయ్‌గారూ. పిల్ల పాఠం."

"మరి అద్దె ఎవరిస్తారు, సూర్యుడా?"

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పిల్ల కుర్చీలోంచి కేకేసేది. "నెప్ట్యూన్ తాతా! అక్కడ చలేస్తోందా?"

"ఎముకలు కొరికేస్తోందే! కాస్త ఎండ పంపు!"

ఒక పొద్దున జవాబు రాలేదు. పిల్ల మళ్లీ అరిచింది. ఉలుకూ పలుకూ లేదు.

"అమ్మా, తాత పలకడేం?"

ఆమె చేతిలో సూది ఆగింది. తెలియదనడానికి నోరు రాలేదు. చదివిందేదో ఠక్కున నాలుక మీదికొచ్చింది.

"నెప్ట్యూన్ అంటే పక్క వీధి అనుకున్నావా? సూర్యుడి వెలుగు చేరడానికే నాలుగు గంటలు. నీ మాట వెళ్లాలి, ఆయన మాట తిరిగి రావాలి. ఆగాలి మరి!"

పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. "నీకన్నీ తెలుసమ్మా!"

ఆ మాటతో ఆమెకు కడుపు నిండిపోయింది. లేచి నాలుగడుగులు వేస్తే పోయేది. కానీ సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కాలు ఒడిలో ఉన్నాయి. పైగా, ఇప్పుడు వెళ్లి చూస్తే తన పాఠం మీద తనకే నమ్మకం లేనట్టు. పిల్ల బుద్ధిగా గోడగడియారం చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక, "ఇంకా రాలేదే" అని పిల్ల గొణిగింది. ఆమె చొక్కాలు కింద పడేసి పరుగెత్తింది. తలుపు దగ్గరగా వేసి ఉందంతే. ఆయన మంచం పక్కన నేల మీద ఒరిగి ఉన్నాడు. కళ్లు వసారా వైపే తెరిచి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు.

"పక్షవాతం. పొద్దున్నే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. మర్నాడు ఆయన పోయాడు.

"నా కేక తాతకు వినిపించిందంటావా అమ్మా?" అని అడిగింది పిల్ల.

వినిపించింది. ఆ కళ్లు చూసిన ఆమెకు అందులో అనుమానం లేదు. పిల్లను దగ్గరకు లాక్కుంది.

ఇది చదువుతున్న మీ వసారా చివర కూడా ఎవరో ఒకరు ఒంటరిగా ఉండే ఉంటారు. ఇవాళ వాళ్ల గొంతు విన్నారా? వినకపోతే, కాస్త లేచి వెళ్లి ఆ తలుపు తట్టి రండి.