తలుపు పక్క చోటు

ఆఖరి గుంజ ఊడబెరికి భుజాన వేసుకునేసరికి ఎ.కొండూరు పొలాల మీద మంచు ఇంకా విడలేదు. రాత్రి జరిగిన పుట్టినరోజు వేడుక తాలూకు రంగుకాగితాలు తడి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. శౌరయ్య తాళ్ళను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టి ట్రాలీ ఆటోలో పడేశాడు. తడిసిన శామియానాను మడవకూడదు, మడిస్తే బూజు పడుతుంది. అందుకని దాన్ని వదులుగా ఉండ చుట్టి కుర్చీల మీద వేసి, దానిపైన తనెక్కి కూర్చున్నాడు.

మనిషి పొట్టి. మెడ వెనక, కుడి భుజం మీద గుంజలు మోసి మోసి చర్మం మొద్దుబారి చెప్పు అడుగులా తయారైంది. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు ఊడి, మళ్ళీ వంకరగా మొలిచింది. నెరిసిన మీసాన్ని మాత్రం వారానికోసారి శ్రద్ధగా కత్తిరించుకుంటాడు. తిరువూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా సరే, ఇంటి ముందు చోటు చూసి ఎంత శామియానా పడుతుందో, ఆ ఇంటివాళ్ళ మాటతీరు చూసి ఎన్ని కుర్చీలు కావాలో చెప్పగలడు. పెళ్ళివాళ్ళు ఎప్పుడూ తక్కువ చెబుతారు. చావు ఇంటివాళ్ళు అసలేమీ చెప్పరు. రెండు చోట్లా శౌరయ్య వేసిన లెక్కే నిలుస్తుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, తెలియనట్టు నటించడు కూడా.

సామాను దించిన చోట రాత్రికి ఎవరో ఒకరు కాపలా పడుకోవాలి. ఆ ఎవరో ఒకరు ముప్పై ఏళ్ళుగా శౌరయ్యే. చలైనా వానైనా నాలుగు కుర్చీలు వరసగా వేసుకుని, తువ్వాలు మొహాన కప్పుకుని నిద్రపోతాడు.

ఈ రోజు మాత్రం అతని మనసు వేరే పని మీద ఉంది. ఈ రోజు గుడారం కొనాలి.

మనవడు పుట్టినప్పుడు ఊపిరి అందక విజయవాడ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నాడు. ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించి శౌరయ్య గుణదల మాతకు మొక్కుకున్నాడు. పిల్లాడు దక్కితే తిరునాళ్ళకు ఇంటిల్లిపాదినీ తీసుకొస్తానని, రెండు రాత్రులు అక్కడే ఉండి తలనీలాలు ఇప్పిస్తానని. పిల్లాడు దక్కాడు. ఏటా అయితే కొడుకు కార్తీక్ ఆటోకూ ఏదో ఒక చెట్టుకూ మధ్య దుప్పటి కట్టుకుని పడుకునేవాళ్ళు. తిరునాళ్ళ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా వీళ్ళకు అందవు. ఈసారి కోడలు హన్నా అడ్డం తిరిగింది.

"చంటాణ్ణి మంచులో పడుకోబెట్టను మావయ్యా. నాలుగు పక్కలా మూసి ఉంటే వస్తాను. లేదంటే వచ్చే ఏడాది చూద్దాం," అంది.

మొక్కును వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యడం శౌరయ్యకు ఇష్టం లేదు. పైగా ఎవరికి చెబుతోంది? జిల్లాలో సగంమంది నెత్తిన నీడ పరిచినవాడికి!

టెంట్ హౌసు యజమాని భాస్కరరావు విషయం విని కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఏంటి శౌరయ్యా! టెంట్ హౌసులో పనిచేస్తూ బయట టెంటు కొంటావా? నా పరువేం కావాలి? మంచి శామియానా పట్టుకెళ్ళు, నిన్నెవరు అద్దె అడిగారు?"

"దానికి గోడలుండవు కదండీ షావుకారుగారూ. మంచు పక్కలనుంచి కొడుతుంది."

"పరదాలు కట్టుకో."

"పరదాలకి అడుగుండదండి. చంటిపిల్లాడు. తేలో జెర్రో వస్తే?"

"ఈ మాటలు ఎప్పుడూ పెళ్ళివాళ్ళ దగ్గర అనలేదు కదా?"

"అంటే మీరు నన్ను ఉంచేవాళ్ళాండీ?"

భాస్కరరావు పొట్ట కదిలేలా నవ్వి, పట్టాల కొట్టు సతీష్‌కుమార్‌కు తనే ఫోను చేశాడు. మావాడొస్తున్నాడు, ధర చూసి వెయ్యమని.

బస్టాండు ఎదుటి వీధిలో ఉంది ఆ కొట్టు. మిరపకాయలు ఆరబోసే పట్టాలు, నైలాను తాళ్ళు, వలలు. మామిడితోటల కాపలావాళ్ళు కొంటారని నిరుడు కొన్ని గుడారాలు తెప్పిస్తే రెండు మిగిలిపోయాయి. ఒకటి ఆకుపచ్చది, చిన్నది, డబ్బా కూడా విప్పలేదు. రెండోది నారింజ రంగుది, పెద్దది. జనం చూస్తారని కొట్టు ముందు అరుగు మీద నిలబెట్టి ఉంచారు.

శౌరయ్య పెద్దదాని వంక ఒక్కసారి చూసి, అది తమలాంటివాళ్ళకు కాదని తనే తేల్చుకుని, ఆకుపచ్చదాన్ని విప్పించాడు. అడుగు కుట్టు వెంబడి గోరుతో గీసుకుంటూ వెళ్ళాడు. పైగుడ్డను దోసిలిలా పట్టుకుని అందులో చెంబెడు నీళ్ళు పోయమన్నాడు.

"అది పాలగిన్నె కాదు శౌరయ్యా," అన్నాడు సతీష్‌కుమార్.

"కారకపోతే నీకే మంచిది కదా, పొయ్యి."

కొంతసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అడుగున ఒక్క చుక్క దిగలేదు. లోపల దోమతెర, దానిపైన ఇంకో పొర ఉన్నాయి. ఒక్క పొరే ఉంటే లోపలివాళ్ళ ఊపిరి తెల్లవారుజామున నీళ్ళై మొహాన కారుతుంది, పట్టా కింద పడుకుని పడుకుని అతనికి ఆ సంగతి తెలుసు. గాలపు కర్రల్లాంటి ఆ సన్నటి పుల్లలే అతనికి నచ్చలేదు. వాటిని విల్లులా వంచి చూసి, విరగనందుకు కొంచెం ఆశ్చర్యపోయి, సరేనన్నాడు. నలుగురికి అని రాసి ఉంది. భార్య ఆరోగ్యం, కార్తీక్, హన్నా, మనవరాలు, చంటాడు. పిల్లలిద్దరూ కలిపి ఒక మనిషి. సరిగ్గా నలుగురు. డబ్బు ఇవ్వబోయేముందు కోడలికి ఒకసారి చూపించడం మేలనిపించి, పురికొస తీసుకుని గుడారం అడుగు కొలిచి, మూలమూలకూ ముడి వేసి ఇంటికి పట్టుకెళ్ళాడు.

చర్చి వెనక వీధిలో రెండు గదుల డాబా వాళ్ళది. మధ్యాహ్నం అందరినీ పైకి పిలిచి, పురికొసను నలుచదరంగా పరిచి, మూలల్లో ఇటుకలు పెట్టాడు.

"ఇదే మన గుడారం. పడుకోండి," అన్నాడు.

గంపలగూడెం ట్రిప్పు ముగించి అన్నానికొచ్చిన కార్తీక్ నవ్వుకుంటూ ఓ చివర పడుకున్నాడు. అతని పక్కన హన్నా, చంకలో చంటాడు. ఆ పక్కన మనవరాలు. మోకాళ్ళ నొప్పులతో మెల్లిగా కూలబడి చిట్టచివర ఆరోగ్యం నడుం వాల్చింది. అందరూ పట్టారు. అటూ ఇటూ జానెడు మిగిలింది కూడా. శౌరయ్య చేతులు నడుముకు పెట్టుకుని, పెళ్ళి పందిరి వేసి దూరంగా నిలబడి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"ఎట్టా ఉంది?"

"బానే ఉంది," అంది ఆరోగ్యం ఆకాశంలోకి చూస్తూ. "ఇంతకీ నువ్వెక్కడయ్యా?"

"నేనా? బయట."

"బయటేంటి?"

"ఎవరో ఒకరు కాపలా పడుకోవద్దూ?"

ఆరోగ్యం చేతులు నేలకు ఆనించి లేచి కూర్చుంది.

"దేనికి కాపలా? ఇక్కడేమన్నా కుర్చీలున్నాయా?"

శౌరయ్య పరిచిన పురికొస వంక చూశాడు. లోపలి చోటు అతను ఆలోచించి వదులుకున్నది కాదు. కొట్లో వేళ్ళు మడిచి లెక్కపెట్టినప్పుడు తను అసలు గుర్తుకే రాలేదు.

"కార్తీకు పుట్టిన రాత్రి విస్సన్నపేటలో ఎవరిదో పెళ్ళన్నావు," అంది ఆరోగ్యం. గొంతు పెంచలేదు. "మా అమ్మ పోయిన రాత్రి ఇంకేదో ఊళ్ళో ఉన్నావు. ఎప్పుడన్నా ఒక మాటన్నానా? తిండి పెట్టే పని, నేనేమంటాను. కానీ ఈ రెండు రాత్రులూ నా పక్కన పడుకోవాలి. నీకు చోటు లేని గుడారం నాకొద్దు."

శౌరయ్య వెళ్ళి ఆమె పక్కన పడుకుని చూశాడు. సగం ఒళ్ళు పురికొస దాటిపోయింది.

"తాత బయటికొచ్చేశాడు!" అని మనవరాలు కిలకిలా నవ్వింది.

అందరూ నవ్వారు. శౌరయ్య మాత్రం లేవలేదు. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత భార్య తన కోసం చోటు అడుగుతోంది. ఎండ కళ్ళలో పడుతున్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకోటేదో పెద్దదుందన్నారు కదా మావయ్యా?" అంది హన్నా.

"అది మనకందదమ్మా."

"ఎంతని అడిగారా?"

అడగలేదు. అందరి తరఫునా బేరమాడేవాడు తన ఇంటికి కావలసినదాని ధర అడగడానికి మొహమాటపడ్డాడు. హన్నా నవ్వింది. ఆరోగ్యం కొంగు ముడి విప్పి, అందులో ఉన్నది అతని చొక్కా జేబులో కుక్కింది.

రెండోసారి కొట్టుకు వెళ్ళిన శౌరయ్య వేరే మనిషి. అరుగు మీది నారింజ గుడారం చుట్టూ తిరిగాడు. ఏడాదిపాటు ఎండ కొట్టిన పక్క వెలిసి నిమ్మపండు రంగులోకి వచ్చింది. మేకుల సంచి ఎక్కడో పోయింది. ఒక కిటికీ జిప్పు గట్టిగా లాగితే తప్ప కదలదు.

"కొత్తదాని ధర చెబితే ఊరుకోను," అన్నాడు. "ఇది ఎండలో పడున్న సరుకు. వచ్చే ఏడాదికి దీన్ని నువ్వు ఊరికే ఇచ్చినా ఎవరూ పట్టుకెళ్ళరు."

"మరి నువ్వెందుకు అడుగుతున్నావ్?"

"గుడ్డ పాడవలేదు కాబట్టి. రంగే పోయింది. రంగు మీద పడుకుంటామా?"

వెలిసిన చోట బొటనవేళ్ళతో సాగదీసి చూశాడు, చిరగలేదు. మళ్ళీ నీళ్ళు పోయించాడు, కారలేదు. ఎండకు ఎంత పాడైందో, ఇంకెంత కాలం నిలుస్తుందో ముప్పై ఏళ్ళుగా గుడ్డను చూస్తున్న చేతులకు తెలుస్తుంది. ఇంకో నాలుగేళ్ళకు ఢోకా లేదు. జిప్పుకు కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది. మేకులు కమ్మరి దగ్గర తనే కొట్టించుకుంటాడు. సతీష్‌కుమార్ తల గోక్కుని, భాస్కరరావు ఫోను గుర్తు తెచ్చుకుని దిగొచ్చాడు. చిన్నదానికి అనుకున్న సొమ్ము, ఆరోగ్యం కొంగులోది కలిసి పెద్దదానికి సరిపోయాయి. గుడారాన్ని విప్పి, దాని సంచిలోకి ఎక్కించి, నెత్తిన పెట్టుకుని శౌరయ్య ఊరి మధ్య నుంచి నడిచి వచ్చాడు. నలుగురూ అడగాలనే అలా వచ్చాడు. అడిగినవాళ్ళందరికీ ఆగి చెప్పాడు.

పొద్దు వాలేసరికి గుడారం డాబా మీద నిలబడింది. సిమెంటులో మేకులు దిగవు కనుక తాళ్ళను ఇటుకలకు, నీళ్ళ క్యాన్లకు కట్టాడు. ఆరోగ్యం తల వంచకుండా లోపలికి నడిచి, మధ్యలో నిటారుగా నిలబడి, ఇల్లు చూసుకున్నట్టు నాలుగు పక్కలా చూసింది. మనవరాలు ఈ గోడకూ ఆ గోడకూ పరుగెత్తింది. అందరూ వరసగా పడుకున్నారు. ఇంకా ఒకరికి చోటుంది. తలుపు పక్క చోటు మాత్రం తనకే కావాలన్నాడు శౌరయ్య. ఆ కాస్త కాపలా అయినా లేకపోతే అతనికి నిద్ర పట్టదట. ఆరోగ్యం ఒప్పుకుంది.

చంటాడు అతని వేలు పట్టుకుని ఏవో ఊసులు చెబుతున్నాడు. శౌరయ్య ఊ కొడుతూ, ఆ ఊ మధ్యలోనే నిద్రలోకి జారిపోయాడు. ఇంటిల్లిపాదికంటే ముందు అతను నిద్రపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. దుప్పటి కప్పి, చప్పుడు చెయ్యకుండా అన్నాలకు కిందికి దిగారు.

గూట్లో పెట్టిన అతని ఫోను మోగింది. ఆరోగ్యం తీసింది.

"శౌరయ్యా, గంపలగూడెంలో ఎవరో పెద్దాయన పోయారట. చిన్న శామియానా చాలు. బండి పంపిస్తున్నా," అన్నాడు భాస్కరరావు.

"నేనండీ, ఆరోగ్యాన్ని. ఆయన పడుకున్నాడండి."

"అప్పుడేనా? ఇంకా ఎనిమిదన్నా కాలేదు కదమ్మా."

"అవునండి. గుడారంలో పడుకున్నాడు. నేను లేపనండి. ఇంకెవర్నన్నా పంపండి."

అవతల భాస్కరరావు గొంతు తగ్గించాడు.

"లేపొద్దులేమ్మా. పడుకోనీ. మన కొట్లో కుర్రాడు వంశీకృష్ణని పంపిస్తా."

టెంట్ హౌసుకు కాదని చెప్పడం ఆమె జీవితంలో అదే మొదలు. ఆ ధీమాతోనే మెట్లెక్కి వెళ్ళి అతని పక్కన పడుకుంది. కాసేపటికి మిగతావాళ్ళూ వచ్చి వాళ్ళ వాళ్ళ చోట్లలో సర్దుకున్నారు. అతని ఊపిరి నెమ్మదిగా, నిలకడగా వినిపిస్తోంది. వింటూ ఆమె నిద్రపోయింది. అది ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియదు.

తెల్లవారి వంశీకృష్ణ గంపలగూడెం నుంచి వచ్చి చర్చి వెనక వీధిలో శామియానా వేశాడు. భాస్కరరావు చెప్పులు లేకుండా వచ్చి, తాడు బిగించేదాకా ఒక గుంజను తనే పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలు ఎన్ని వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఉన్నవన్నీ వేశారు, అవన్నీ నిండాయి.

లేపి ఉంటే తెలిసేదేమో అని వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు. ఆరోగ్యం తలెత్తింది.

"లేపితే లేచి వెళ్ళేవాడు. ఏ రోడ్డు మీదో పోయేవాడు," అంది. "నా పక్కన పోయాడు."

ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, మొక్కు ఆగదని, తిరునాళ్ళకు అందరం వెళ్తున్నామని చెప్పింది.

రెండు రోజుల తర్వాత కార్తీక్ డాబా ఎక్కి ఇటుకలు తీసి, పుల్లలు లాగి, గుడారాన్ని దించాడు. అడ్డంగా మడిచాడు, నిలువుగా మడిచాడు, హన్నా మోకాలితో అదిమి పట్టుకుంది. ఎలా చుట్టినా దాని సంచిలోకి వెళ్ళలేదు. చివరికి దుప్పట్లో మూట కట్టి ఇద్దరూ చెరో చివర పట్టుకుని కిందికి మోసుకెళ్ళారు. ఏడాదంతా కొట్టు లోపలే ఉండి ఎండ తగలని ఆ సంచి మాత్రం, అసలు నారింజ రంగుతో, బట్టల తాడు మీద ఖాళీగా వేలాడుతూ ఉంది.