ఒకే మాయ, రెండు గళ్ళు

ఆ ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ బొడ్డుతాడు నుంచీ కాస్త రక్తం తీసి, అలర్జీ తెచ్చిపెట్టే యాంటీబాడీలు ఎన్నున్నాయో కొలిచేవారు. ఏ జాతి పిల్లల్లో ఎక్కువో తేల్చాలని పెద్ద డాక్టరుగారి పట్టుదల. కాగితాలు నింపే పని నర్సుది.

ఒక మంగళవారం కవలలు పుట్టారు. ఒకే మాయ పంచుకున్న మగపిల్లలు, అచ్చుగుద్దినట్టున్నారు. తల్లిది ఒక జాతి, తండ్రిది మరొకటి. కాగితంలో ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి. రెండు పెడితే కంప్యూటరు తీసుకోదు. నర్సు తర్జనభర్జన పడి, ఎవరికీ అన్యాయం జరక్కుండా పెద్దవాణ్ణి తల్లి జాతిలోనూ చిన్నవాణ్ణి తండ్రి జాతిలోనూ రాసేసింది.

మూడు వారాలకి ఇంటికి రెండు ఉత్తరాలు వెళ్ళాయి. ఇద్దరి రక్తంలోనూ వచ్చిన అంకె ఒక్కటే. కానీ జాతికో హద్దు పెట్టారు గనక పెద్దవాడికి ముప్పు, చిన్నవాడికి ఏమీ లేదు. పెద్దవాణ్ణి మాత్రం ఇంట్లో పిల్లికి దూరంగా ఉంచాలట.

గుర్తుకోసం తండ్రి పెద్దవాడి కాలి బొటనవేలికి ఎర్రరంగు వేశాడు. అమ్మమ్మ స్నానం చేయించేసరికి అది కాస్తా పోయింది. ఎవడు ఎవడో తేలక, ఆవిడ ఉత్తరాలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

"తొమ్మిది నెలలూ ఒకే నీళ్ళలో ఉన్నారు కదమ్మా, వేరు కాపురం ఎప్పుడు పెట్టారు వీళ్ళు?" అంది.

నర్సుకి ముఖం చెల్లలేదు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, తాను చేసింది ఒప్పుకుంది.

"రెంటిలో ఏది సరైనది?" అన్నారాయన.

"రెండూనండి."

"కంప్యూటరు ఒప్పుకోదమ్మా."

"పిల్లలు ఒప్పుకున్నారుగా బాబూ," అంది అమ్మమ్మ.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి ఇద్దర్నీ లెక్కలోంచి కొట్టేశారు. పరిశోధనకి సంబంధించినంత వరకూ ఆ పిల్లలు పుట్టనేలేదు. పిల్లి ఇంట్లోనే ఉండిపోయింది; పిల్లలు తుమ్మలేదు గాని, అమ్మమ్మే అప్పుడప్పుడు తుమ్మేది.

ఇకమీదట ఇలాంటివాళ్ళకి 'ఇతరులు' అని ఇంకో గడి పెట్టమన్నారు డాక్టరుగారు. నర్సు పెట్టింది. మళ్ళీ తప్పు జరగకూడదని, తల్లుల్ని కూర్చోబెట్టి నాలుగు తరాల వెనక్కి ఆరా తీయడం మొదలుపెట్టింది. ఒకావిడ తాతమ్మ ఓడ దిగి వచ్చిందట. ఇంకొకావిడ ముత్తాత ఎవరన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరట. ఏడాది తిరిగేసరికి ముప్పాతిక మంది పిల్లలు ఇతరుల్లోనే తేలారు. డాక్టరుగారు ఇతరుల జాతికీ ఒక హద్దు కట్టి వ్యాసం అచ్చువేయించారు. దానికి మంచి పేరొచ్చింది.

ఆ ఊపులో డాక్టరుగారు సిబ్బంది వివరాలు కూడా అదే కాగితంలో నింపమన్నారు. తన జాతి గడి దగ్గరకొచ్చేసరికి నర్సు కలం ఆగింది. తల్లికి ఫోను చేసి అడిగింది.

అవతల గొంతు గుసగుసలోకి దిగింది.

"మీ నాన్న ఇంట్లో లేనప్పుడు చెయ్యవే," అంది తల్లి.