రిటైర్డ్ హెడ్‌మాస్టర్ గారి కూతురు

హెలెన్‌కి ఇంగ్లీషు పరీక్షలో, స్పీకింగ్‌లో తొమ్మిదికి ఏడు రావాలి. చదవడం, రాయడం, వినడం, ఆ మూడింట్లోనూ ఎప్పుడో వచ్చేసింది. నోరు తెరిచి మాట్లాడమన్నప్పుడే రెండుసార్లూ ఆరున్నర దగ్గర ఆగిపోయింది. ఐర్లాండులో ఒక ఆసుపత్రివాళ్లు ఆమెకు నర్సు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే ఐదు నెలల్లోగా ఆ ఏడు చూపించాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని మెయిల్ పెట్టారు. రాజమండ్రిలో ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గొడ్డుచాకిరీ చేస్తున్న హెలెన్‌కి ఇదే ఆఖరి ఆశ.

అందుకే దానవాయిపేటలో మేడమీది కోచింగ్ సెంటర్లో చేరింది. అది నడిపే సుకుమార్ సార్ ఆ పరీక్ష తానెన్నడూ రాయలేదు, విమానం ఎక్కనూ లేదు. అయినా పరీక్ష పెట్టే దొరల కడుపులో ఏముందో తనకొక్కడికే తెలిసినట్టు మాట్లాడేవాడు. ఎనభై ప్రశ్నలకు ఎనభై జవాబులు రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి అందరికీ పంచాడు. మన పిల్లలకు చెప్పాలా, పదో తరగతి నుంచీ గైడు మింగి పాసైనవాళ్లే. కామాతో సహా బట్టీ పట్టేశారు.

ఒకరోజు మాక్ టెస్టులో సార్ అడిగాడు, మీ ఇంట్లో వార్తలు ఎలా తెలుసుకుంటారని. హెలెన్ ఇంకా ఆ పేజీదాకా రాలేదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

వాళ్లది తణుకు దగ్గర పల్లె. తండ్రి ఆశీర్వాదం చెరుకు నరికే కూలీ. చదివింది ఐదో తరగతే గానీ, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివి చదివి నోరు తిరిగింది. ఊళ్లో పాలకేంద్రానికి పేపరొస్తుంది. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చినవాళ్లందరికీ ఆయన దాన్ని పైకి చదివి వినిపిస్తాడు. ముందు ధాన్యం ధర, తర్వాత రాజకీయాలు, చావు కబుర్లు అందరూ టీ తాగాక. ఊరివాళ్ల పరువు పోయే ముక్క ఏదైనా కనబడితే మాత్రం చదవడు. వెంకటరాజు గారబ్బాయి పేకాటలో దొరికాడని ఫొటోతో సహా పడిన రోజు, ఆ ముక్క దాటేసి మిగతాదంతా చదివాడు. తర్వాత పేపరు మడిచి చంకలో పెట్టుకుని తిన్నగా వాళ్లింటికి వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అయినా ఆశీర్వాదం చదివితేనే విన్నట్టుంటుందంటారు. అంటారు గానీ, బల్లమీద కూర్చుని చదవవయ్యా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ఆయన నిలబడే చదువుతాడు.

ఇదంతా హెలెన్ ఇంగ్లీషులో ఎక్కడా తడబడకుండా చెప్పింది. క్లాసంతా బొమ్మల్లా విన్నారు.

"బాగానే ఉందమ్మా," అన్నాడు సార్. "కానీ కూలీ, పాలకేంద్రం, నిలబడ్డం, ఇవన్నీ ఎందుకు? చదువుకున్న ఫ్యామిలీ అనిపించాలి వాళ్లకి. ముప్పై నాలుగో ఆన్సర్ చూడు. మై ఫాదర్, ఎ రిటైర్డ్ హెడ్‌మాస్టర్. ఎంత నీట్‌గా ఉందో."

"మా నాన్నగారు హెడ్‌మాస్టరు కాదు కదండి."

"వాళ్లు మీ ఊరొచ్చి చూస్తారేంటమ్మా?"

క్లాసు గొల్లుమంది. వాళ్లతోపాటు హెలెన్ కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పరీక్షకు సెంటర్ నుంచి ముగ్గురు కలిసి విజయవాడ వెళ్లారు. ముందు ఉషారాణి, తర్వాత దేవిశ్రీ, చివర హెలెన్. దేవిశ్రీ గదిలోంచి వస్తూ, "న్యూసే అడిగారక్కా, ముప్పై నాలుగే," అని చెవిలో ఊదింది. హెలెన్‌కి ప్రాణం లేచొచ్చింది.

లోపల తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుని ఉంది. రెండు మాటలు కుశలమడిగి, వార్తలు ఎలా తెలుసుకుంటారని అడిగింది. హెలెన్ అందుకుంది. మై ఫాదర్, ఎ రిటైర్డ్ హెడ్‌మాస్టర్, రీడ్స్ ద న్యూస్‌పేపర్ ఇన్ అవర్ వరండా ఎవ్రీ మార్నింగ్.

ఆవిడ చేతిలో పెన్ను ఆగింది. కోప్పడలేదు. చిన్నగా నవ్వింది, జాలిపడినట్టు. "మీ నాన్నగారు ఏ స్కూల్లో పనిచేశారు?" అని అడిగింది.

అది నోట్సులో లేదు. ఆ క్షణాన ఆశీర్వాదం నాలుక చివరిదాకా వచ్చాడు. క్షమించండి, మా నాన్న కూలీ అంటే చాలు, మిగతాదంతా దానంతటదే వచ్చేసేది. కానీ అలా అంటే అంతకుముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోడానికి ధైర్యం చాలలేదు. లేని స్కూలుకి ఒక పేరు పెట్టింది, అది ఏ వీధిలో ఉందో చెప్పబోయి తడబడింది, ఆ తడబాటు చివరిదాకా వదల్లేదు. ఆవిడ థాంక్యూ అంది.

ఆ ఒక్క పూటలో ఆ గదిలో ముగ్గురు హెడ్‌మాస్టర్లు రిటైరయ్యారు. ఉషారాణి తండ్రి ఆటో నడుపుతాడు. దేవిశ్రీకి తండ్రే లేడు.

హెలెన్‌కి ఆరు వచ్చింది.

"ముప్పై నాలుగు రాసినట్టే చెప్పావా?" అని అడిగాడు సుకుమార్ సార్ ఫోన్లో.

"చెప్పానండి."

"అయితే ఆ ఎగ్జామినరే స్ట్రిక్టమ్మా. ఇంకోసారి రాయి."

గడువు ముగియగానే ఐర్లాండు నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది. హెలెన్ సెలవు పెట్టి ఊరు వెళ్లింది. సాయంత్రం ఆశీర్వాదం చెరుకు తోటలోంచి వచ్చి, చెరుకాకు గీరిన చేతులు కడుక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"పోతే పోయిందిలే. ఇంతకీ నీకు రానిది ఏం అడిగారమ్మా?"

"వార్తలు ఎలా తెలుసుకుంటారని అడిగారు, నాన్నా."

ఆశీర్వాదం ముఖం విప్పారింది. "అదా? అది నీకు కొట్టిన పిండి కదే. దానికి ఆరేంటి? మార్కులేసినోళ్లే పొరపడుంటారు. ఏం చెప్పావో చెప్పు చూద్దాం. ఇంగ్లీషులోనే చెప్పు, వింటాను."

వద్దు నాన్నా అంది. ఆయన వదల్లేదు. చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈయన గురించే చెబుదాం, మాక్ టెస్టులో చెప్పినట్టే చెబుదాం అనుకుని హెలెన్ నోరు తెరిచింది. నాలుగు నెలలు బట్టీ పట్టిన నోరు మరి. ముప్పై నాలుగే వచ్చింది.

ఆశీర్వాదం మురిసిపోతూ తలూపుతున్నాడు. రిటైర్డ్ హెడ్‌మాస్టర్ దగ్గర తల ఆగింది. పాతికేళ్లుగా పేపరు చదువుతున్నవాడికి ఆ రెండు మాటలూ తెలియకపోవు. అయినా అడ్డురాలేదు, ఆమెను చివరిదాకా చెప్పనిచ్చాడు.

"హెడ్‌మాస్టరెవరమ్మా?"

హెలెన్ తల దించుకుంది.

"నేనేలే," అన్నాడు తనే. "మంచి పనే చేశావు. కూలోడని ఎలా చెబుతావు, అంత పెద్దోళ్ల దగ్గర." ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది, హెలెన్ కాళ్లమీద పడి ఏడ్చేది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న పాలకేంద్రం నడిపే గణేష్‌బాబు వీధిలోంచి కేకేశాడు. "ఆశీర్వాదం, పేపరొచ్చింది. అందరూ కూర్చునున్నారు, రావయ్యా."

ఆశీర్వాదం గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు.

"నాకు కళ్లు ఆనట్లేదండి," అన్నాడు. "ఫోన్లున్నాయి కదండి, చూసుకోండి."