విన్న తరవాతి పని

ఆమె పనిచేసేది పుస్తకాలు బైండింగ్ చేసే చోట. వారంలో ఆరు రోజులూ మడిచిన కాగితాలను వరస తప్పకుండా పేర్చడం, వెన్ను కుట్టడం, జిగురు పూసి అట్ట వేసి బరువు కింద పెట్టడం. పక్కనే కాగితాలు కోసే మిషన్ ఒకటి దడదడలాడుతూ ఉంటుంది గనక, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చెవుల్లో జోరీగలు తిరుగుతూనే ఉంటాయి. ఏడో రోజు చర్చిలో సండే స్కూల్ చెప్తుంది. పిల్లలు ఆమెకు అట్టల టీచర్ అని పేరు పెట్టుకున్నారు. పెట్టింది పిల్లలే గనక ఆమె కాదనలేదు.

దేవుడి మాట వినడం ఎలాగో పిల్లలకు నేర్పాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది. వినడమంటే ముందు నోరు మూసుకోవడమే కదా అనుకుని, ఆ ఏడాది పాఠం చివర ఐదు నిమిషాల మౌనం పెట్టింది. కళ్లు మూసుకోవాలి, కదలకూడదు, తరవాత ఎవరికి ఏం వినబడిందో చెప్పాలి. బాగా చెప్పినవాళ్లకి మిగులు కాగితాలతో తను కుట్టిన చిన్న నోటుపుస్తకం ఇచ్చేది.

నోటుపుస్తకం అందంగా ఉండేసరికి దేవుడు పిల్లలతో తెగ మాట్లాడడం మొదలుపెట్టాడు. తమ్ముణ్ణి కొట్టవద్దన్నాడని ఒకడు, టీచర్ మాట వినమన్నాడని ఇంకొకడు. అందరికంటే ముందు చెయ్యెత్తేది వసపిట్ట అని పేరుపడ్డ పిల్ల. ఆ పిల్ల నోరు నిద్రలో తప్ప మూతపడదని వాళ్లమ్మే చెప్తుంది. ఆమెకు దేవుడు ప్రతి వారమూ పేరాలు పేరాలు చెప్పేవాడు. అప్పటికి ఆ పిల్ల దగ్గర నాలుగు నోటుపుస్తకాలు చేరాయి.

చివరి బల్ల మీద తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి కూర్చునేది. ఏదడిగినా ఆలోచించి ఆలోచించి జవాబు చెప్తుంది గనక ఇంట్లో ఆమెను నిదానం అని పిలిచేవారు. మొదటి ఆరు వారాలూ ఆ పిల్లది ఒకటే మాట. ఏమీ వినబడలేదు. మనసు పెట్టి వింటే వినబడుతుందమ్మా అని టీచర్ మెత్తగానే అంది గానీ, ఆ మాటలో విసుగు తనకే తెలిసింది. పిల్ల మొండిదేమో అని కూడా అనుకుంది.

ఏడో వారం నిదానం తనంతట తానే చెయ్యెత్తింది.

"టీచర్, ఇవాళ ఒకటి వినబడలేదు."

పిల్లలు గొల్లున నవ్వారు. అది ప్రతివారం ఉండేదేగా అంది వసపిట్ట. నిదానం మాత్రం నవ్వలేదు. పక్క గదిలో, ఆరాధనకు పియానో వాయించే మామ్మ చప్పుడు వినబడలేదని చెప్పింది. ఆవిడ ప్రతి ఆదివారం ఆరాధనకు గంట ముందే వచ్చి, గొంతు సవరించుకుని, పియానో మూత తెరిచి, కుర్చీ రెండుసార్లు ముందుకు లాక్కుంటుందట. ఆరు వారాలుగా ఆ ఐదు నిమిషాల్లో తను వింటున్నది అదేనట. అది దేవుడు కాదు గనక చెప్పలేదట.

ఆవిడకు ఆలస్యమై ఉంటుందిలే అని టీచర్ అందరినీ ఆరాధనకు పంపేసింది. ఆరాధన అయిపోయినా ఆవిడ రాలేదు. పియానో లేక పాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక జనం తలో దారిన పాడారు. చెల్లెలి ఊరికి వెళ్తానంది, వెళ్లి ఉంటుంది అన్నారు ఎవరో. టీచర్‌కీ అదే నిజమనిపించింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నిదానం వచ్చి ఎదురుగా నిలబడింది.

"టీచర్, వినమని చెప్పారు కదా. విన్న తరవాత ఏం చెయ్యాలి?"

అన్ని వారాల పాఠంలో ఆ సంగతే రాలేదు. ఇంటికి వెళ్లి బట్టలు ఉతుక్కోవాలి, మర్నాటికి వండుకోవాలి, ఉన్నది ఒక్క సెలవు. అయినా పిల్లను వాళ్ల నాన్నకు అప్పజెప్పి, మామ్మ ఉండే వీధికి నడిచింది. మూడో అంతస్తు. తలుపు కొడితే పలకలేదు. తిరిగి వచ్చేద్దామని రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తలుపుకి చెవి ఆనించి ఊపిరి బిగబట్టింది. లోపల చెంచాతో నేల మీద కొడుతున్నట్టు సన్నగా టక్కు టక్కుమని వినబడింది.

కింద ఇంటాయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. తెరిచి చూస్తే మామ్మ వంటగదిలో నేల మీద ఉంది. పొద్దున్నే టీ పెట్టుకోబోయి తడిలో జారిందట. తుంటి కదిలింది, కుడి మణికట్టు విరిగింది. ఆరు గంటలుగా అలాగే పడి ఉంది. టీచర్‌ని చూసి ఆవిడ అన్న మొదటి మాట, పాటలు ఎవరు వాయించారు అని.

మామ్మ బతికింది. ఆ సంగతి చర్చి అంతా పాకింది. పాకుతూ పాకుతూ రంగు మారింది. దేవుడు నిదానాన్ని పేరు పెట్టి పిలిచి మామ్మ పడిపోయిందని చెప్పాడట అనే దాకా వచ్చింది. పాస్టరుగారు పిల్లను ముందుకొచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. నిదానం చాలాసేపు ఆలోచించి, దేవుడు తనకేమీ చెప్పలేదని, చెప్పనిది చెప్పాడంటే అబద్ధం అవుతుందని అంది. పాస్టరుగారు మంచాయన. మరి బలవంతపెట్టలేదు.

టీచర్ ఆ వారమంతా కాగితాలు కుడుతూ అదే తలపోసింది. నోటుపుస్తకాలు ఎవరికిచ్చింది, ఎవరికివ్వలేదు అని. వరస తప్పిన పేజీలను కుట్టేసి అట్ట వేస్తే పైకి బాగానే కనిపిస్తుంది, విప్పి చదివితే గదా బండారం బయటపడేది.

బుద్ధి వచ్చిందనుకుంది గానీ, వెంటనే ఇంకో తప్పు చేసింది. మూడు నెలల్లో చర్చి వార్షికోత్సవం. అప్పటికి మామ్మ చెయ్యి బాగవ్వాలని పిల్లలతో ప్రతి ఆదివారం ప్రార్థన చేయించింది. దేవుడు ఆవిణ్ణి కాపాడింది వాయించడానికే, అది ఆయన ప్రణాళిక అని గట్టిగా చెప్పింది. పిల్లలు నమ్మారు. కట్టు విప్పాక మణికట్టు వంకరగా అతికిందని, రెండు వేళ్లు ఇక వంగవని డాక్టరు చెప్పేశాడు.

ఆ ఆదివారం పిల్లలకు సంగతి తెలిసింది. మనం సరిగ్గా అడగలేదా టీచర్ అని ఒక పిల్లవాడు అడిగాడు. వాడి కళ్లల్లో భయం చూసి ఆమెకు సిగ్గేసింది.

"మీరు సరిగ్గానే అడిగారు నాన్నా. తప్పు నాది. నాకు కావలసింది చెప్పి, అది దేవుడి ప్రణాళిక అన్నాను. ఆయన ప్రణాళిక ఏమిటో నాకు తెలీదు."

పాఠం అక్కడే ఆపి, పిల్లల్ని వెంటబెట్టుకుని మామ్మ ఇంటికి తీసుకెళ్లింది. మామ్మకు ముక్కు మీదే కోపం. ఇంతమందీ వస్తే కూర్చోడానికి కుర్చీలేవి అని గొణిగింది. అందరూ నేల మీద సర్దుకున్నాక, వంకర చెయ్యి పిల్లలందరికీ చూపించింది. దేవుడి మీద కోపం రాలేదా అని నిదానం అడిగింది. టీచర్ వారించబోతే మామ్మ ఆగమంది.

"రాకేం. ఆ నేల మీద పడి ఆరు గంటలు ఆయన్ని తిట్టాను. ఎదురుగా మనిషి లేకపోతే తిట్టడానికి నోరు రాదే పిల్లా. ఉన్నాడనే తిట్టాను. ఈ వేళ్లు ఎందుకు తీసుకున్నాడో నాకు చెప్పలేదు. రోజూ అడుగుతున్నాను. చెప్పకపోయినా ఆయన్ని వదిలి నేనెక్కడికి పోతాను?"

పిల్లలకు అందులో ఎంత అర్థమైందో గానీ, టీచర్‌కి మాత్రం తను ఇన్నాళ్లూ చెప్పిన పాఠంలో ఇంత బరువైన మాట ఒక్కటీ లేదనిపించింది.

అప్పటినుంచి పిల్లలు శనివారాలు ఇద్దరిద్దరు చొప్పున మామ్మ ఇంటికి వెళ్లేవారు. గిన్నెలు కడిగి, చెట్లకు నీళ్లు పోసి వచ్చేవారు. మామ్మ స్థానంలో ఎవరో ఒకరు పియానో నేర్చుకోవాలి అనే మాట లేచినప్పుడు, టీచర్ మనసు సరాసరి నిదానం మీదికి పోయింది. వినే చెవి ఉన్న పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. దేవుడు ఇందుకే చేశాడేమో అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మింగేసి, నీకిష్టమేనా అని అడిగింది. నిదానం ఒక వారం గడువు తీసుకుంది. వారం తరవాత, తనకు పియానో వినడమే ఇష్టమని, వాయించడం ఇష్టం లేదని చెప్పింది.

మామ్మ ఎంచుకున్నది వసపిట్టను. ఆ పిల్ల గిన్నెలు కడుగుతూ, నోటితో కబుర్లు చెప్తూనే, వేళ్లతో సింకు అంచు మీద ఆదివారం పాటల తాళం తప్పకుండా వేస్తుందట. టీచర్ అది ఒక్కసారైనా గమనించలేదు. మామ్మ ఎడమ చేత్తో చూపిస్తుంటే, వసపిట్ట రెండు చేతులతో వాయించేది. తప్పు వాయిస్తే మామ్మ తిట్లు, ఒప్పు వాయిస్తే వసపిట్ట కబుర్లు, మెట్ల దాకా వినబడేవి.

వార్షికోత్సవానికి ఆ పిల్లకు ఒక్క పాటే వచ్చింది. మామ్మ పక్కనే కుర్చీలో కూర్చుని తలతో తాళం వేసింది. రెండో చరణంలో వసపిట్ట చివరి వరస దాటేసి మూడో చరణంలోకి దూకింది. జనం సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ పాడుతూ కాసేపు గందరగోళపడి, చివరికి అందరూ ఒక్క చోటికి వచ్చారు. వెనక బల్ల దగ్గర నిదానం పక్కన నిలబడి, పియానో ఎటు పోతే అటు వింటూ, అట్టల టీచర్ పాట పూర్తిగా పాడింది.