రెండు ఎడమ చేతుల చొక్కా

చొక్కాల ఫ్యాక్టరీ మూతపడ్డాక బయటపడిన సంగతి వింటే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. ఏళ్ల తరబడి లారీలకు లారీలు చొక్కాలు పంపిన ఆ వీధి ఆడవాళ్లలో ఒక్కరికీ చొక్కా కుట్టడం రాదు! ఒకామె జీవితమంతా జేబులే కుట్టింది. ఇంకొకామె కాజాలు తప్ప మరొకటి ఎరగదు. మరొకామె ఎడమ చేతులు మాత్రమే కుట్టింది. కుడి చెయ్యి పక్క వరుసలో ఇంకెవరో కుట్టేవారు, దాంతో ఆమెకేం పని? ఇంట్లో కుట్టుమిషను ఉండీ, డబ్బాల్లో బియ్యం అడుగంటుతూ ఉండీ, అందరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు కాలరక్కకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కాలర్లు కుట్టేది కాబట్టి ఆమె కాలరక్క. ఫోనులో ఒక గ్రూపు పెట్టి, "ఎవరికొచ్చిన ముక్క వాళ్లు వీడియో తీసి పెట్టండమ్మా, అన్నీ చూసి అందరం నేర్చుకుందాం" అంది.

జేబు వదిన మొదటి వీడియోలో సీలింగు ఫ్యాను తప్ప ఏమీ కనబడలేదు. కాజాల పిన్ని వీడియోలో కుక్కరు కూతలకు మాటలే వినబడలేదు. అయినా తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, మళ్లీ తీసుకుంటూ నేర్చేసుకున్నారు. ఎక్కడెక్కడో ఇలాగే పని పోయిన ఆడవాళ్లు కూడా వచ్చి చేరి, తమకు తెలిసినవి చెప్పసాగారు. నెలలుగా దిగులుగా ఉన్న మొహాల్లో కళ వచ్చింది.

ఒక్క కాలరు వీడియో మాత్రం రాలేదు. అడిగితే కాలరక్క, "అది చూసి నేర్చుకునే పని కాదమ్మా. నా దగ్గరికి తెండి, నేను వేసిస్తాను" అనేది. అసలు సంగతి వేరు. కాలరు కూడా అందరికీ వచ్చేస్తే తన గడప ఎవరు తొక్కుతారు? ఆ భయం ఆమెను లోలోపల తినేస్తోంది.

కుడి చెయ్యి వీడియో కూడా లేదు. అది కుట్టే మనిషి కాలరక్క ఇంటి మేడమీదే ఉంటుంది, ఆమెకు స్వయానా తోడికోడలు. కానీ ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "కాలరు కుట్టడం కూడా ఒక పనేనా? సగం పని ఇస్త్రీ పెట్టే చేస్తుంది" అని తోడికోడలు ఫ్యాక్టరీలో పదిమంది ముందూ అనేసింది మరి! మిషన్లకు నూనె వేసే మరిదిని కాలరక్క గ్రూపులో చేర్చుకుంది గానీ అతని పెళ్లాన్ని మాత్రం ససేమిరా చేర్చలేదు. "ఎడమ చెయ్యి వచ్చాక కుడి చెయ్యి ఎంతసేపు?" అని అందరికీ ధైర్యం చెప్పింది.

ఈలోగా ఒక ఆస్పత్రి వాళ్లు సిబ్బందికి తెల్లచొక్కాలు కావాలన్నారు. శాంపిళ్లు నచ్చితే ఏడాదంతా పని. నచ్చకపోతే, ఒక్కొక్కరూ తలోదిక్కుకూ పని వెతుక్కుంటూ పోవాల్సిందే. అందరూ రాత్రీపగలూ కుట్టారు. కాలరక్క కాలర్లు వేసింది. ఇస్త్రీ చేసి, ఒకటి వాళ్లాయనకు తొడిగి చూసింది.

వెనక ఉండాల్సిన కుడి చేతి పట్టీ ముందుకు వచ్చి, చంక దగ్గర గుడ్డ మెలిపడి, ఆ మనిషి ఎవరి మీదికో చెయ్యెత్తుతున్నట్టు నిలబడ్డాడు.

తెల్లగుడ్డకు రెండు వైపులూ ఒకటేగా! కుడి చెయ్యి ముక్క వీడియోలోదానిలా లేదని, అందరూ బుద్ధిగా దాన్ని తిరగేసి, వీడియోలో ఉన్నట్టే కుట్టేశారు. అన్ని చొక్కాలకూ రెండూ ఎడమ చేతులే.

"కొంప మునిగిందే" అని జేబు వదిన నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "రేపేగా చూపించాల్సింది!"

కాలరక్క మేడమెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టూ ఆమె పౌరుషాన్ని తొక్కుతున్నట్టే ఉంది. తలుపు తోసి చూస్తే, తోడికోడలు మిషను దగ్గర ఉంది. పక్కనే ఒక తెల్లచొక్కా. జేబు, కాజాలు, రెండు చేతులూ కుదిరాయి. మెడ దగ్గర మాత్రం బోసిగా ఉంది.

"ఇదెలా కుట్టావే?"

"మీ మరిది ఫోనులో అన్నీ చూశాలే" అంది తోడికోడలు తల ఎత్తకుండా. "ఒక్కటే దొరకలేదు. అదెవరో తల్లి దాచుకుంది."

కాలరక్కకు తల కొట్టేసినట్టయింది. చతికిలబడి కూర్చుంది. "భయమేసిందే" అంది. "అది కూడా ఇచ్చేస్తే నాకింకేం మిగులుతుంది?"

తోడికోడలు మిషను ఆపింది. "నేనూ నోరు జారాను అక్కా. వారం నుంచి కాలరుతో కుస్తీ పడుతున్నా. ఇస్త్రీ పెట్టె ఏమీ చెయ్యట్లేదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే రెండు వీడియోలూ గ్రూపులోకి వచ్చాయి. కుడి చెయ్యి కాలరక్క పట్టుకున్న ఫోనులో, కాలరు తోడికోడలు పట్టుకున్న ఫోనులో. "చెయ్యి అడ్డం తియ్యక్కా, నీ గాజులు తప్ప ఏం కనబడట్లేదు" అన్న అరుపు కూడా అందులో ఉంది. వీధంతా కుడి చేతుల కుట్లు విప్పి మళ్లీ కుట్టింది. మర్నాడు ఆస్పత్రి వాళ్లు చొక్కాలు తిప్పి తిప్పి చూసి సరేనన్నారు.

ఆ తర్వాత కాలర్ల కోసం కాలరక్క ఇంటికి ఎవరూ రాలేదు. అందరి ఇళ్లలోనూ మిషన్లు గడగడలాడుతున్నాయి, ఆమె గడప మాత్రం ఖాళీ. మనసు చివుక్కుమంది. ఏమనుకుందో ఏమో, గుడ్డ ముందేసుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది. జేబు, పట్టీలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, చివరికి కాలరు. దారం తెంపి, చొక్కా ఎత్తి పట్టుకుంది. ఇన్నేళ్లలో 'ఇది నేను కుట్టిన చొక్కా' అనుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి. కళ్లు చెమ్మగిల్లాయి.

"ఒసేయ్, ఒకసారి కిందికి రావే!" అని మేడమీదికి కేకేసింది.

తోడికోడలు వచ్చి, కుట్లన్నీ గిల్లి గిల్లి చూసింది.

"ఎలా ఉందే?"

"కుడి చెయ్యి మాత్రం అదిరింది అక్కా!"