రొమ్ము మీద ఊదా గీత

పుల్లన్న తన తమ్ముడు సిద్దప్పను ఎద్దును పడేసినట్లు పడేసినాడు. వెనకనుంచి మెడకు చెయ్యేసి, కాలు అడ్డం పెట్టి, ఒక్క గుంజు. సిద్దప్ప వీపు కళ్లం నేల మీద దబ్బుమనింది.

"కాళ్లు పట్టుకో గిడ్డయ్యా! తంతాడు, జాగర్త!"

పక్కింటి గిడ్డయ్య పట్టుకునేలోపలే తన్ను తిన్నాడు. పెదవి చీలి నెత్తురు కారింది.

ఇదంతా ముందురోజు, శనివారం మొదలైంది. ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు అది. గోనెగండ్ల కాడ చెనిక్కాయ మూటలు మోస్తా సిద్దప్ప మూట కిందనే కూలబడినాడు. పెదాలు నల్లబడినాయి. పుల్లన్న బండిలో వేసుకుని ఎమ్మిగనూరు డాక్టరు దగ్గరికి తోలుకపోయినాడు. డాక్టరు సిద్దప్పనూ, వాని పెండ్లాం హులిగెమ్మనూ లోపలికి పిలిచి, పుల్లన్నను వాకిట్లోనే ఉండమన్నాడు. పుల్లన్న కిటికీలోనుంచి చూసినాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. రొమ్ము మీద వేలితో టకటకా కొట్టినాడు. తర్వాత ఊదా పెన్సిలు తడిపి, ఎడమ పక్క గుండ్రంగా గీత గీసినాడు.

హులిగెమ్మ బయటికొచ్చి చెప్పింది. "గుండె పెరిగిందంట బావా. ఈ గీత దాకా వచ్చిందంట. చెరపగూడదంట. సోమవారం ఆదోని పెద్ద డాక్టరుకు చూపియ్యాలంట. ఆయప్ప కూడా అదే మాటంటే ఇంక మూటలు మొయ్యగూడదంట. మందులతోనే బతకాలంట."

పుల్లన్న చెవికి గీత ఒక్కటే ఎక్కింది. ఎద్దు మెడ వాస్తే ఊళ్లో పసులకు వైద్యం చేసే బజారి ఏం చేస్తాడు? ముందు సున్నంతో గీత గీస్తాడు. తర్వాత కడ్డీ కాల్చి ఆ గీత మీదనే వాత పెడతాడు. పుల్లన్న పుట్టినప్పటినుంచి ఒంటి మీద గీత గీసేది చూసింది అందుకే. అంటే ఈ డాక్టరు చోటు చూపించినాడు, ఆదోని డాక్టరు కాలుస్తాడు. అంతమాత్రానికి అంత దూరం పోవాల్నా? ఇంకొకరి మాటే కావాలంటే, బజారి చెప్పలేడా?

ఆదివారం పొద్దున బజారిని పిలుచుకొచ్చినాడు. బజారి సిద్దప్ప అంగీ ఎత్తి చూసి, తల ఊపినాడు.

"డాక్టరు చదువుకున్నోడే. చోటు సరిగ్గా పట్టినాడు."

"అది వాతకు గాదు సామీ! గుండె కొలత!" అనింది హులిగెమ్మ.

"గుండెకు కొలతేందిమే, అంగీ కుట్టిస్తారా?"

గిడ్డయ్య పగలబడి నవ్వినాడు. సిద్దప్ప లేచి పరిగెత్తబోయినాడు. అప్పుడే పుల్లన్న పడేసింది.

రెండు మోకాళ్లూ తమ్ముని భుజాల మీద పెట్టి అదిమినాడు. హులిగెమ్మ వచ్చి ముంజేయి కొరికింది, పండ్లు ఎముకకు తగిలేటట్లు. పుల్లన్న మోచేత్తో ఒక్కటి ఇచ్చినాడు. ఆమె పోయి గోడకు పడింది.

"సంపుతాండారన్నా!"

"ఓర్చుకోరా. నీ మంచికేరా."

కడ్డీ తగిలింది. చర్మం చుయ్యిమనింది. కాలిన వాసనకు గిడ్డయ్య మొగం తిప్పుకున్నాడు. కడ్డీ చల్లారేకొద్దీ బజారి మళ్లా కాల్చుకొచ్చి, గీత తప్పకుండా చుట్టూ తిప్పుతాండాడు. పట్టిన కోడిలెక్క తమ్ముని ఒళ్లు మోకాళ్ల కింద కొట్టుకునేది పుల్లన్నకు తెలుస్తానే ఉంది. నాలుగోసారి తగిలినప్పుడు సిద్దప్ప అరవలేదు.

మొగం నల్లగా అయిపోయింది. పుల్లన్న చెంపలు వాయించినాడు, కడివెడు నీళ్లు కుమ్మరించినాడు, పేరు పెట్టి బూతులు తిట్టినాడు. బజారి కడ్డీ ఆడనే పారేసి, వెనక్కి చూడకుండా పోయినాడు. ఎంతకో సిద్దప్ప గొంతులో గురకలాంటిది వచ్చింది.

సోమవారం ఆదోనిలో డాక్టరు గుడ్డ విప్పినాడు. గుడ్డతోబాటు తోలు ఊడొచ్చింది.

"గొట్టం యాడ పెట్టమంటావప్పా?"

వీపుకు తిప్పి, చాలాసేపు విన్నాడు. "ఎమ్మిగనూరు డాక్టరు చెప్పిందే నిజం. గుండె పెరిగింది. లోపలి తలుపొకటి సరిగ్గా మూసుకోవడంలేదు. మందు తప్పకుండా తాగితే బతుకుతాడు. మూటలు మొయ్యగూడదు, కొట్లాటకు పోగూడదు. నిన్న పెనుగులాడినప్పుడే ప్రాణం పోవాల్సింది. పట్టుకున్నోడు ఎవడు?"

"నేనే," అన్నాడు పుల్లన్న.

డాక్టరు చీటీ రాసి హులిగెమ్మ చేతికిచ్చినాడు.

బయటికి రాంగానే సిద్దప్ప చెప్పు తీసినాడు. చెయ్యి లేచింది గానీ ఊపిరి అందలేదు. మెట్టు మీదనే కూలబడినాడు. పుల్లన్న వంగి ఆ చెప్పు మెల్లగా తీసుకున్నాడు.

"నువ్వు కొట్టద్దురా. ఆయాసమొస్తాది." చెప్పు హులిగెమ్మ చేతిలో పెట్టినాడు. "నువ్వు కొట్టు తల్లీ."

తమ్ముని పెండ్లాం, అందులోనూ నడి బజారులో, యాడ కొడుతుందిలే అనుకున్నాడు. మొదటి దెబ్బకు రుమాలు ఎగిరిపడింది. ఆపైన ముక్కు పగిలింది. పోయేవాళ్లు నిలబడినారు. ఎవరో అడ్డం వచ్చినారు.

"నువ్వు పోప్పా. ఇది మా ఇంటి సంగతి," అన్నాడు పుల్లన్న చేతులు కట్టుకుని, నోట్లో నెత్తురు ఊస్తా.

"ఇంక చాల్లేమే," అన్నాడు సిద్దప్ప మెట్టు మీదనుంచి.

"నువ్వు నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో," అని హులిగెమ్మ మళ్లా చెయ్యెత్తింది.